జోసెఫ్ బ్రామా

మోటారుకారులను మరమ్మతు చేయు కార్ఖానాకు మీరెప్పుడైనను పోయి యుందురు. అచ్చట రెండు ఇనుప స్తంభముల నడుమ ఒక కారు నిలిచి యుండును. పనివాడు మీట నొక్కగానే నాలుగు ఇనుప చేతులు ఆ కారును అడుగునుండి పట్టి మెల్లమెల్లగా పైకెత్తును. పదునైదు వందల కిలోగ్రాముల బరువు గల ఆ వాహనము మనిషి తలకంటె ఎత్తున నిలిచిన పిమ్మట పనివాడు దాని క్రిందికి పోయి నిర్భయముగా తన పని చేసికొనును. ఇట్టి సాధనము లేని కాలమున కారు అడుగుభాగమును చూడవలెనన్న నేలలో గొయ్యి త్రవ్వి అందు దిగవలసి యుండెను. లేదా జాకీతో ఒక ప్రక్క నెత్తి, నేలపై వెల్లకిల పరుండి ప్రాకవలసి యుండెను. నేడు తమ యింటి కారుషెడ్డులోనే ఇట్టి లిఫ్టును అమర్చుకొనువారును కలరు.

ఇంత బరువు నెత్తుచున్నది ఏది? గొట్టములో బంధింపబడిన కొంచెము నూనె. చేతిలో పోసికొన్న వ్రేళ్ల సందులనుండి జారిపోవు ద్రవము గొట్టములో బంధింపబడినపుడు ఏనుగులకు మించిన బలము చూపును. ఆ బలమును యంత్రమున బిగించి మానవుని పనికి వినియోగపడునట్లు చేసినవాడు రెండు శతాబ్దములకు పూర్వము ఇంగ్లండులో జీవించిన ఒక వడ్రంగి. ఆయన పేరు జోసెఫ్ బ్రామా.

బ్రామా 1748వ సంవత్సరమున యార్కుషైరు మండలములోని బార్న్‌స్లీ పట్టణమునకు సమీపమున నున్న స్టెయిన్‌బరో గ్రామమున జన్మించెను. తండ్రి ఇతరుల భూమిని కౌలునకు చేసికొని బ్రతుకు రైతు. కుమారుడు కూడ నాగలి పట్టవలసినవాడే. గ్రామములోని బడిలో కొంత చదువు నేర్చిన పిదప జోసెఫు పొలము పనులలో తండ్రికి తోడ్పడుచుండెను. తీరిక దొరికినపుడు మాత్రము అతని చేతులు ఊరకుండెడివి కావు. కొయ్యముక్కలను చెక్కి వాద్యములను చేయుట అతనికి వినోదము. గ్రామములోని కమ్మరి అతని ఉత్సాహమును చూచి పాత ఆకురాళ్లను కాచి సాగగొట్టి చిన్న చిన్న పనిముట్లను చేసి యిచ్చెనని చెప్పుదురు.

అతనికి పదునారేండ్ల వయసున కాలి మడమకు గట్టి దెబ్బ తగిలెను. ఎన్ని నాళ్లు గడచినను కాలు పూర్తిగా బాగుపడలేదు. సేద్యమునకు పనికిరాని కుమారుని తండ్రి గ్రామములోని వడ్రంగి యొద్ద పని నేర్చుకొనుటకు పెట్టెను. కాలి దెబ్బ పొలమును దూరము చేసెనుగాని ఉలిని చేతికిచ్చెను. పని నేర్చుట ముగిసిన పిమ్మట ఆ యువకుడు లండను నగరమునకు ప్రయాణమయ్యెను. బండికి చెల్లించుటకు ధనము లేదు. నూట ఏబది మైళ్లకు మించిన ఆ దారిని అతడు కాలినడకనే గడచెనని ఆయన జీవిత కథ వ్రాసినవారు తెలిపిరి.

లండనులో బ్రామా మొదట కుర్చీలు, బల్లలు, బీరువాలు చేయు పనిలో చేరెను. ఆ పనితోపాటు ధనికుల గృహములలో నీటి మరుగుదొడ్లను బిగించు పనియు అతనికి దొరకుచుండెను. నాడు అవి క్రొత్తగా వాడుకలోనికి వచ్చుచుండెను. వానిలోని జారుడు మూత సరిగా మూసికొనెడిది కాదు. చలికాలమున మంచుచే బిగిసికొనిపోవుచుండెను. ఇతరులు దానిని మరల మరల బాగుచేసి కూలి పుచ్చుకొని ఊరకుండిరి. బ్రామా మాత్రము అది ఏల చెడుచున్నదని ఆలోచించెను. బందు మీద తిరుగు మూతను అమర్చి 1778వ సంవత్సరమున దానికి పేటెంటు పొందెను. పేటెంటనగా ఒక క్రొత్త కల్పనను నిర్ణీత కాలమువరకు దానిని కల్పించినవాడే చేసి అమ్ముకొనుటకు ప్రభుత్వ మొసంగు హక్కు. ఈ హక్కుతో ఆయన స్వంత కర్మశాలను స్థాపించెను. పని చిన్నదని చులకన చేయక అందలి లోపమునకు మూలమును వెదకుట ఆయనకు జీవితాంతము ఉండిన గుణము.

తరువాత ఆయన దృష్టి తాళములపై పడెను. ఆ దినములలో లండనులో దొంగల భయము మెండు. అంగడిలో దొరకు తాళములను నేర్పరియైన దొంగ వంకర తీగతో తెరువగలుగుచుండెను. 1784వ సంవత్సరమున బ్రామా ఒక నూతన తాళమునకు పేటెంటు పొందెను. దాని చెవి సన్నని గొట్టమువలె నుండును. కొన యందు హెచ్చుతగ్గు లోతులు గల గాట్లుండును. తాళములోని ప్రతి జారుడు రేకును ఆ గాటు తనకు తగినంత లోతునకే నెట్టవలెను. ఒక్క రేకు వెండ్రుకవాసి ఎక్కువ పోయినను, తక్కువ పోయినను తాళము తెరచుకొనదు. 1790వ సంవత్సర ప్రాంతమున ఆయన పికాడిలీ వీథిలోని తన అంగడి కిటికీలో ఒక తాళమును ప్రదర్శనకు పెట్టి, చెవి లేకుండ దానిని తెరువగల సాధనమును చేసినవారికి రెండువందల గినీల బహుమానమని ప్రకటించెను. అది నాడు గొప్ప మొత్తము. ఎందరో ప్రయత్నించిరి. ఆయన జీవించి యున్నంతకాలము ఆ బహుమానము ఎవరికిని దక్కలేదు.

కాని ఇంత సూక్ష్మమైన తాళములను పెక్కు సంఖ్యలో చేయుట ఎట్లు? చేతి ఆకురాయితో చేసిన రెండు భాగములు ఎన్నటికిని సరిసమానముగా నుండవు. ఈ చిక్కులో నున్న బ్రామా చెంతకు 1789వ సంవత్సరమున హెన్రీ మాడ్స్‌లే అను పదునెనిమిదేండ్ల యువకుడు వచ్చెను. అతడు పండ్రెండేండ్ల ప్రాయముననే వూలిచ్ ఆయుధశాలలో పనికి కుదిరినవాడు. ఇనుమును తీర్చుటలో అతని చేతికి సాటి లేదని పేరు. ఇంత చిన్నవాడు ఈ పనికి తగునా యని మొదట సందేహము కలిగినను, అతని పనితనమును చూచిన పిమ్మట ఆ సందేహము తీరిపోయెను. తాళపు భాగములను ఒకే తీరున తీర్చు యంత్రములను మాడ్స్‌లే నిర్మించెను. కొలదికాలములోనే కర్మశాలకు అతడే మేస్త్రీ అయ్యెను.

ఇక బ్రామా కీర్తికి మూలమైన యంత్రమును గూర్చి తెలిసికొందము. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో పాస్కల్ అను శాస్త్రజ్ఞుడుండెను. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి తగ్గకయే అన్ని వైపులకు వ్యాపించునని ఆయన నిరూపించెను. ఆయన 1662వ సంవత్సరమున మరణించగా, ఈ విషయమును తెలుపు గ్రంథము మరుసటి యేడు వెలువడెను. పండితులు దానిని చదివి మెచ్చుకొనిరి. కాని నూటముప్పది యేండ్లవరకు దానితో బరువైన పని చేయించిన యంత్రమేదియు వాడుకలోనికి రాలేదు.

ఆ సూత్రము మీకు సులభముగనే బోధపడును. ఒక సన్నని గొట్టమును ఒక లావుపాటి గొట్టముతో అడుగున కలిపి రెండింటిని నీటితో నింపితిమనుకొనుడు. రెండింటిలోను బిగువుగా పట్టు ముషలకములను, అనగా పిస్టనులను, ఉంచితిమి. చిన్న ముషలకపు వైశాల్యము ఒక చదరపు అంగుళము. పెద్దదానిది నూరు చదరపు అంగుళములు. చిన్నదానిపై పదునైదు కిలోగ్రాముల బరువు నుంచిన పెద్దదానిపై పదునైదు వందల కిలోగ్రాముల బరువు పైకి లేచును. అనగా ఒక బాలుడు నొక్కినను కారు లేవగలదు. ఐతే ప్రకృతి ఏదియు ఊరక ఇయ్యదు. పెద్ద ముషలకము ఒక అంగుళము లేవవలెనన్న చిన్నది నూరు అంగుళములు దిగవలెను. కావుననే చిన్న ముషలకమును పంపువలె పలుమారులు ఆడింపవలెను. బలమును సంపాదించి దూరమును చెల్లించుట, ఇదియే ఇందలి లెక్క.

1795వ సంవత్సరమున బ్రామా ఈ సూత్రముపై జలయంత్రపు ఒత్తుడు మరకు పేటెంటు పొందెను. కాగితముపై అది చక్కగనే యుండెను. కర్మశాలలో మాత్రము ఒక పెద్ద విఘ్నము ఎదురయ్యెను. ఒత్తిడి పెరిగినకొలది నీరు ముషలకమునకును గొట్టమునకును నడుమనుండి చిమ్ముచుండెను. దానిని ఆపుటకు సందులో నారను బిగువుగా కూరినచో ముషలకము కదలక పట్టుకొనెడిది; బరువు తీసివేసినను క్రిందికి దిగెడిది కాదు. వదులు చేసిన నీరు కారును. బిగించిన యంత్రము నిలుచును. ఈ చిన్న సందు తెగనిచో పాస్కల్ సూత్రము గ్రంథములోనే యుండిపోవలసినది.

ఈ చిక్కును విడదీసినవాడు మాడ్స్‌లే యని ఆ కాలపు యంత్రశిల్పులను ఎరిగినవారు వ్రాసిరి. అతడు తోలుతో ఒక కంకణమును చేసి, దాని అంచులను మడచి గిన్నెవలె తీర్చి, మడత లోపలి వైపు నీటికి ఎదురుగా నుండునట్లు ముషలకము చుట్టును అమర్చెను. నీరు మడతలో చొరబడి తోలు అంచును ఒకవైపు ముషలకమునకును, మరియొకవైపు గొట్టమునకును ఒత్తును. ఒత్తిడి హెచ్చినకొలది తోలు మరింత బిగియును. ఒత్తిడి తగ్గగానే తానే వదులగును. కారిపోవలసిన నీరే తన దారికి అడ్డు కట్టుకొనును. ఈ చిన్న తోలు ముక్కతో బ్రామా యంత్రము సజీవమయ్యెను. నేటి కారు లిఫ్టులలో తోలునకు మారుగా రబ్బరును, దానిని పోలిన ఇతర పదార్థములును వాడుచున్నారు. కాని అందలి యుక్తి అదియే.

ఇచట బ్రామా జీవితములో మనము ఆలోచింపదగిన ఘట్టమొకటి కలదు. పేటెంటుపై బ్రామా పేరే యుండెను, లాభమును ఆయనదే. మాడ్స్‌లేకు వారమునకు ముప్పది షిల్లింగులు జీతము. అతనికి పెండ్లియై సంసారము పెరిగెను. 1797వ సంవత్సరమున అతడు కొంచెము జీతము పెంచుమని యజమానుని వేడెను. బ్రామా సమ్మతింపలేదు. ఎనిమిదేండ్లు తన కర్మశాలకు వెన్నెముకయై నిలిచిన పనివానిని ఆయన ఇట్లు పోగొట్టుకొనెను. మాడ్స్‌లే బయటికి వచ్చి చిన్న కర్మశాలను పెట్టుకొనెను. మరలు కోయు లేతు యంత్రమును తీర్చిదిద్ది, పిమ్మట ఇంగ్లండు గర్వింపదగిన యంత్రశిల్పియై, ఎందరో ప్రసిద్ధ యంత్రశిల్పులకు గురువయ్యెను. బ్రామా చెడ్డవాడు కాడు. కష్టజీవి, పనిలో మోసము నెరుగనివాడు. ఐనను నీటి బలమును లెక్క కట్టిన ఆ బుద్ధి తన ప్రక్కన నున్న మనిషి విలువను లెక్క కట్టలేకపోయెను. మహనీయుల జీవితమునుండి వారి గుణములనే గాక లోపములను గూడ మనము నేర్చుకొనవలెను.

మాడ్స్‌లే వెడలిపోయినను బ్రామా కృషి ఆగలేదు. 1797లో పీపాలలోని పానీయమును నేలమాళిగనుండి పైకి తోడు పంపును, 1802లో కొయ్యను చిత్రిక పట్టు యంత్రమును ఆయన రూపొందించెను. 1806లో బ్యాంకు నోట్లపై వరుస సంఖ్యలను ముద్రించు యంత్రమును కల్పించెను. అంతకు పూర్వము ఇంగ్లండు బ్యాంకులో గుమాస్తాలు ప్రతి నోటుపైనను చేతితో సంఖ్య వ్రాయవలసి యుండెను. ఆయన జలయంత్రములు దూదిని, గడ్డిని కట్టలు కట్టుటకును, గింజలనుండి నూనె తీయుటకును, బరువుల నెత్తుటకును దేశమంతట వ్యాపించెను.

1814వ సంవత్సరమున హాంప్‌షైరులోని హోల్టు అడవిలో చెట్లను వేళ్లతోగూడ పెకలించుటకు బ్రామా యంత్రమును ఉపయోగించిరి. అరువదియైదేండ్లు దాటిన ఆ వృద్ధుడు పనివారికి అప్పగించి యింట కూర్చుండలేదు. తానే పోయి చలిగాలిలో నిలిచి పనిని నడిపించెను. అందువలన ఆయనకు జలుబు చేసి, అది ముదిరి ప్రాణము మీదికి వచ్చెను. ఆ యేడు డిసెంబరు 9వ తేదీన ఆయన కన్నుమూసెను.

బ్రామా మరణించిన ముప్పదియైదేండ్లకు ఆయన యంత్రమునకు గొప్ప పరీక్ష వచ్చెను. వేల్సు దేశపు మెనాయ్ జలసంధిపై రాబర్టు స్టీఫెన్‌సన్ అను యంత్రశిల్పి బ్రిటానియా వంతెనను కట్టించుచుండెను. రైలు తన లోపలనుండియే పోవునంతటి ఇనుప గొట్టములను నీటిమీద తేల్చి తెచ్చి నూరడుగుల ఎత్తునకు లేపవలెను. ఒక్కొక్క దాని బరువు పదునైదు వందల టన్నుల పైమాట. ఆ పనికి బ్రామా జలయంత్రములనే కుదిర్చిరి. స్టీఫెన్‌సన్ ఒక కఠినమైన ఆజ్ఞ చేసెను. గొట్టము ఒక్కొక్క అంగుళము లేచినకొలది దాని క్రింద ఆధారమును పేర్చుచు పోవలెనేగాని, కేవలము యంత్రమును నమ్మి దానిని గాలిలో నిలుపరాదు. 1849వ సంవత్సరము ఆగస్టు నెలలో గొట్టము కొంత యెత్తు లేచిన పిమ్మట ఒక యంత్రపు అడుగు భళ్లున పగిలిపోయెను. కాని గొట్టము తొమ్మిది అంగుళములు మాత్రమే పడి క్రింది ఆధారముపై నిలిచెను. ఆ తొమ్మిది అంగుళముల పాటుకే క్రింద నున్న ఇనుప దిమ్మెలు నలిగిపోయెను. ఆధారము లేకున్నచో వంతెనయు, ఏండ్ల తరబడి పడిన శ్రమయు నీటి పాలయ్యెడివి. యంత్రమును బాగుచేసి గొట్టమును మరల ఎత్తి పని పూర్తి చేసిరి.

1851వ సంవత్సరమున లండనులో జరిగిన మహాప్రదర్శనమున వంతెన నెత్తిన జలయంత్రమును ప్రజలకు చూపిరి. ఆ యేడే అమెరికానుండి వచ్చిన హాబ్సు అను తాళముల నేర్పరి, పదునారు దినములలో మొత్తము ఏబదియొక్క గంటలు శ్రమించి, అరువది యేండ్లుగా ఎవరికిని లొంగని బ్రామా తాళమును తెరచి రెండువందల గినీలను గెలుచుకొనెను. మనిషి చేసిన తాళమేదియు శాశ్వతముగా అజేయము కాదు. ఐనను అన్ని గంటలు నిలిచినదే దాని గొప్పతనము.

మోటారుకారులు వచ్చిన పిదప, 1920 తరువాతి సంవత్సరములలో, అమెరికాలోని మెంఫిస్ నగరవాసి పీటర్ లునాటి జలయంత్ర సూత్రముతో కారు నెత్తు లిఫ్టును నిర్మించెను. నేడు అందు నీటికి బదులు నూనెను వాడుచున్నారు. చేతి పంపునకు బదులు విద్యుత్తుతో నడచు పంపు కలదు.

అట్టి లిఫ్టును ఇంటిలో అమర్చుకొనదలచినవాడు బ్రామావలెనే ముందు లోపములకు మూలమును వెదకవలెను. మొదట నేల. రెండు స్తంభముల లిఫ్టు కాంక్రీటులో దిగగొట్టిన మరల పట్టు మీదనే నిలుచును. నేల పలుచనైనను, పగిలినదైనను కారుతోగూడ స్తంభము ఒరిగిపోవును. నాలుగు స్తంభముల లిఫ్టు బరువును నాలుగు చోట్లకు పంచును. కారు తన చక్రములపైనే నిలుచును గనుక ఒక కారుపైన మరియొక కారును నిలుపుకొనుటకు అది అనువైనది. కాని చక్రములను ఊడదీయు పనికి రెండు స్తంభములదే సులభము. తరువాత పైకప్పు. ఒకటిన్నర మీటరుల ఎత్తు గల కారును ఒక మీటరు ఎనుబది సెంటీమీటరులు లేపవలెనన్న మూడు మీటరుల ముప్పది సెంటీమీటరులకు మించిన ఎత్తు కావలెను. ఆ పిమ్మట బరువు. లిఫ్టు శక్తి మన కారు బరువుకంటె ఎక్కువగా నుండవలెను. ఇనుప చేతులను కారు తయారీదారు గుర్తించిన చోట్లనే ఆనించి, జానెడు ఎత్తు లేపి, కదిలించి చూచి, స్థిరముగా నున్నదని తెలిసిన పిదపనే పైకి లేపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది తాళము. స్తంభములో మెట్లు మెట్లుగా ఇనుప పండ్లుండును. కారు లేచుచుండగా కొక్కెము ఒక్కొక్క పంటిపై టకటకమని పడుచు పోవును. తగిన ఎత్తు వచ్చిన తరువాత లిఫ్టును కొంచెము దింపి ఆ కొక్కెములపై బరువు నంతటిని ఆనింపవలెను. అప్పుడు గొట్టము పగిలినను, నూనె కారిపోయినను కారు పడదు. ఎత్తుట నూనె పని. నిలుపుట ఇనుము పని. ఈ నియమమును పాటింపక కారు క్రిందికి పోవువాడు తన ప్రాణమును ఒక రబ్బరు కంకణమునకు అప్పగించినవాడగును. బ్రిటానియా వంతెన క్రింద స్టీఫెన్‌సన్ పేర్పించిన ఆధారమే నేడు కారు స్తంభములో కొక్కెమై నిలిచియున్నది.

బ్రామా ఎత్తు యంత్రమును చేసెను, తాళమును చేసెను. ఆయన ఆ రెండింటిని ఒకచోట కూర్చలేదు, తరువాతివారు కూర్చిరి. ఒక సూత్రము పాస్కల్ గ్రంథమునుండి బ్రామా కర్మశాలకును, ఆ కర్మశాలలో మాడ్స్‌లే తోలు కంకణమునకును, అటనుండి వంతెనకును, తుదకు మన యింటి ప్రక్కనున్న కారుషెడ్డునకును నడచి వచ్చినది. దారిలో ఒక్కరు లేకున్నను అది మనవరకు చేరియుండెడిది కాదు. ఇకమీదట కారు గాలిలోనికి లేచుట చూచినపుడు, కుంటుకాలితో లండనునకు నడచిపోయిన ఆ వడ్రంగిని స్మరింపుడు. పేటెంటుపై పేరు లేకున్నను ఆ యంత్రమునకు ప్రాణము పోసిన పనివానిని గూడ మరువకుడు.